సీటుకు కట్టేసిన కాలు

రుషికొండ ఎత్తు సగం ఎక్కాక బండి మళ్ళీ మొండికేసింది.

ఇంజను రొప్పుతోంది, చక్రాలు కదలనంటున్నాయి. స్టీరింగు వెనక పసుపు దీపం కొట్టుకుంటోంది. దేవదానం బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగి, మొదట చూసింది ఆ దీపాన్ని కాదు, తన ఎడమ కాలిని. కాలు పెట్టినచోటే ఉంది. ఉండక ఎక్కడికి పోతుంది? పొద్దున్న భీమిలిలో చేపల పెట్టెలు ఎక్కించాక, ఎవరూ చూడకుండా తలుపేసుకుని, ఎర్రగళ్ళ తువ్వాలుతో దాన్ని సీటు కింది ఇనుప పట్టీకి రెండు ముళ్ళేసి కట్టింది తనే.

వెనక బస్సువాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. మోటారు సైకిలు మీద పోతున్న పెద్దమనిషి ఒకాయన పక్కన ఆగి, కిటికీలోకి తొంగిచూసి, "దిగి పక్కకి తోయించకూడదేటి బాబూ?" అని ఓ ఉచిత సలహా పారేసి పోయాడు. దిగడమా! దిగాలంటే ముందు ముళ్ళు విప్పాలి. విప్పుతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? పైగా చేతికర్ర వెనక పెట్టెల మధ్య ఉంది. ఎండ అద్దంలోంచి సూటిగా ఒళ్ళోకి దిగుతోంది. ముందుకు పోలేడు, వెనక్కి పోలేడు, దిగలేడు. కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక తనూ హారను కొట్టాడు. ముందు రోడ్డంతా ఖాళీ.

కీ తిప్పి ఇంజను ఆపాడు. కళ్ళు మూసుకుని వంద దాకా లెక్కపెట్టాడు. మళ్ళీ తిప్పాడు. దీపం వెలగలేదు. గేరు పడింది. ఏమీ ఎరగనట్టు బండి బుద్ధిగా ఎత్తెక్కేసింది. రెండు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు ఇదే భాగోతం.

దేవదానానికి నలభై ఎనిమిదేళ్ళు. జ్ఞానాపురంలోనే పుట్టాడు, అక్కడి చర్చిలోనే ఆరోగ్యమ్మను పెళ్ళాడాడు, గాజువాక వైపు ఓ కాంట్రాక్టరు యార్డులో పద్దెనిమిదేళ్ళు వెల్డింగు చేశాడు. మంచి పనివాడు. అతుకు చల్లారాక దాని మీద బొటనవేలు ఆనించి ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించేవాడు, వేలికి ఎక్కడైనా తగిలితే మళ్ళీ మొదటికి వచ్చేవాడు. పక్కవాళ్ళు వేళాకోళం చేసినా పట్టించుకునేవాడు కాదు. ఆరేళ్ళ క్రితం ఓ గొలుసు జారి, ఇనుప పలక వచ్చి అతని ఎడమ మోకాలి మీద పడింది.

డాక్టర్లు కాలు తియ్యలేదు, అదే పదివేలు. కాకపోతే మోకాలు మడవదు. పాదానికి స్పర్శ లేదు. చీమ కుట్టినా తెలియదు, నిప్పురవ్వ పడినా తెలియదు. అంతకన్నా పెద్ద దెబ్బ వార్డులో తగిలింది. పుండు చీము పట్టి వాసన కొట్టేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకోకుండా ఉండాలని ఎంత అవస్థ పడేవాళ్ళో అతను మంచం మీద నుంచి చూస్తూనే ఉండేవాడు. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పెద్దాయన కిటికీ పక్కన నిలబడి రెండు ముక్కల్లో ఆమెన్ అనేసి వెళ్ళిపోయాడు. ఆ ఆమెన్ దేవదానం గుండెల్లో అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి తన వల్ల ఎవరి ముక్కుకీ ఇబ్బంది రాకూడదని ఒక పంతం పట్టుకున్నాడు.

తర్వాత నాలుగేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడు అంటే కూర్చున్నాడే. ఆరోగ్యమ్మ ఆసుపత్రిలో ఆయా పనికి పోతూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళేది, సాయంత్రం వచ్చి తీసేది. మధ్యలో ఆ గదీ, అతనూ, పట్టాల మీద పోయే గూడ్సు బళ్ళ చప్పుడూ. ఆ నాలుగేళ్ళ గురించి అడిగితే ఇప్పటికీ మాట మారుస్తాడు.

అలాంటి మనిషికి ఈ పికప్ బండి దొరకడం ప్రాణం లేచొచ్చిన మాట. సముద్రంలో సర్వేలు చేసుకునే ఏదో కంపెనీ ఊరు వదిలిపోతూ అమ్మేసిన పాత డీజిలు బండి అది. దాని ప్రత్యేకత ఒక్కటే, గేర్లు దానంతటదే మార్చుకుంటుంది, క్లచ్చు లేదు. వెతికి తెచ్చింది ఆరోగ్యమ్మ తమ్ముడు దొరబాబు. "బావా, దీనికి ఎడం కాల్తో పన్నేదు" అంటూ తాళం చేతిలో పెట్టాడు. ఆ రోజు దేవదానం ఏ పనీ లేకుండా భీమిలి దాకా పోయి తిరిగొచ్చాడు. పక్క సీట్లో ఆరోగ్యమ్మ దారిపొడుగునా నవ్వుతూనే ఉంది. సామాను మోసే బళ్ళలో క్లచ్చు లేనిది ఊరంతా గాలించినా అతనికి ఇంకోటి దొరకదు. ఈ బండి పోతే మళ్ళీ ఆ గదే.

ఏడాదిన్నర పాటు రుషికొండ హాస్టళ్ళకి మంచినీళ్ళ క్యాన్లు వేశాడు. బండి కిమ్మనలేదు. మూడు నెలల క్రితం భీమిలిలో చేపల వ్యాపారం చేసే గౌరీశ్వరి పిలిచి, రోజూ పొద్దున్న తన పెట్టెలు రుషికొండ హోటళ్ళకీ, కంచరపాలెం మార్కెట్టుకీ చేర్చమంది. మొదటి రోజే ఐసు కరిగి, వెనక తొట్టిలో చీలమండ లోతున నీళ్ళు నిలిచాయి. చేపల బళ్ళ వాళ్ళు అందరూ చేసే పనే దేవదానమూ చేశాడు. నీళ్ళు చేరేచోట, క్యాబిన్ వెనకాల తొట్టి నడుమ, రెండు కన్నాలు పెట్టాడు. దెబ్బ తగిలాక పనిముట్టు పట్టుకోవడం అదే మొదటిసారి. అంచులు ఆకురాయితో నున్నగా రాసి, బొటనవేలితో తడిమి చూసుకుని, చాలా రోజుల తర్వాత ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. సరుకు దింపాక ఎక్కడికీ పోడు. బండిని ఏటవాలుగా పెట్టి, వెనక తలుపు దించి, సబ్బు నీళ్ళతో, ఫినాయిలుతో తొట్టంతా కడుగుతాడు. నీళ్ళన్నీ వెనక నుంచి పోయేదాకా, తొట్టి ఆరేదాకా ఎండలో నిలబెడతాడు. మెకానిక్కు దగ్గరకి వెళ్ళే రోజైతే తనూ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మరీ వెళ్తాడు.

ఆ మెకానిక్కు హుస్సేన్ బాషా. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో షెడ్డు, ముప్పై ఏళ్ళుగా డీజిలు ఇంజన్లే లోకం. ఊళ్ళో మిగతా షెడ్లవాళ్ళు ఈ బండిని చూడగానే, గేరుబాక్సు మొత్తం మార్చాలి, అది ఇక్కడ దొరకదు అని చేతులు దులిపేసుకున్నారు. బాషా ఒక్కడే కిందికి దూరాడు. స్కానరు తగిలించి చూస్తే, బండి వేగం ఎంతో గేరుబాక్సుకి తెలియడం లేదని వచ్చింది. గేరుబాక్సు తోక దగ్గర ఓ చిన్న సెన్సారు ఉంటుంది, చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో అది చెప్పాలి. ఆ కబురు ఆగిపోతే గేరుబాక్సు బెదిరిపోయి, ఉన్న గేర్లన్నీ వదిలేసి మూడో గేరులో బిగుసుకుంటుంది. లోడుతో ఎత్తు మీద మూడో గేరంటే బండి నిలబడిపోవడమే.

బాషా ఆయిలు మార్చాడు. సెన్సారు మార్చాడు. పన్నెండు రోజులు బాగుంది, పదమూడో రోజు మళ్ళీ అదే ఎత్తు మీద ఆగింది. తీసుకెళ్తే బాషా పక్కన కూర్చుని సింహాచలం దాకా తిప్పాడు, యెండాడ ఎక్కించాడు, దించాడు. ఒక్కసారీ ఆగలేదు. ఐదుసార్లు తీసుకెళ్ళాడు, ఐదుసార్లూ ఇదే వరస.

"ఈ మధ్య బండికి ఏటైనా మార్సినావా బావా? లైట్లు గాని, హారను గాని?" అని అడిగాడు బాషా. ఇద్దరికీ బావా అనే పిలుపు అలవాటైపోయింది.

"ఏటీ మార్సలేదు బావా. ఒట్టు."

అబద్ధం చెప్పలేదు పాపం. కన్నాలు మార్పు కిందకి వస్తాయని అతనికి తోచనే లేదు.

ఇక్కడ దొరబాబు దిగాడు. తాళం ఇచ్చినవాడు కాబట్టి మాట చెప్పే హక్కు తనకే ఉందనుకున్నాడు.

"బావా, ఏటనుకోకు. బండి పాడైతే బాసా దగ్గర కూడా ఆగాల కదా? నువ్వు నడిపినప్పుడే ఏల ఆగిపోతన్నాది? నీ ఎడం కాలు జారి బ్రేకు మీద పడిపోతన్నాదేమో. దానికి స్పర్స నేదు కదా, నీకెలా తెలుత్తాది?"

కాదని చెప్పడానికి దేవదానం దగ్గర ఏముంది? ఆ పాదం ఎక్కడుందో కళ్ళతో చూస్తే తప్ప తెలియదు, బండి నడుపుతూ కాలిని చూస్తూ కూర్చోలేడు. ఆ రాత్రి నుంచి అనుమానం పట్టుకుంది. తన ఒంట్లోనే ఉంటూ తనకి తెలియకుండా పని చేసే మనిషి ఎవరో ఉన్నట్టు ఆ కాలిని చూడ్డం మొదలుపెట్టాడు. మర్నాడే తువ్వాలు తీసి కట్టేశాడు. కట్టేసినా బండి ఆగింది. కానీ ఆ సంగతి ఎవరికి చెప్తాడు? కాలు కట్టుకుని బండి నడుపుతున్నానని చెప్తే తాళం అప్పుడే లాక్కుంటారు. తప్పు తనది కాదని చెప్పే సాక్ష్యం ఉంది, అది నోరు విప్పి చెప్పుకోవడానికి పనికిరాదు. అందుకే ముడి విప్పి, తువ్వాలు భుజాన వేసుకుని, రోజూ మామూలుగా ఇల్లు చేరేవాడు.

ఆ బుధవారం నాడు రుషికొండ మీద ఆగిన సంగతి అతనికన్నా ముందే ఇంటికి చేరింది. గౌరీశ్వరి ఫోను చేసింది. "అన్నయ్య మంచోడే వదినా, కాదన్ను. మల్లీ ఆలీసమైతే హోటలోలు సరుకు తిప్పేత్తారు. నాను ఇంకో బండి సూసుకోవాల" అంది. ఆరోగ్యమ్మ విని, ఫోను పెట్టేసి, అతను గుమ్మం ఎక్కేదాకా నిలబడే ఉంది.

"ఆదివారం తమ్ముడు కొనే మనిసిని తెత్తాడు. బండి ఇచ్చీ" అంది.

"ఆరోగ్యం..."

"నువ్వు ఏటీ సెప్పకు. ఇయ్యాల ఎనకాల బస్సు ఆగినాది. రేపు ఆగకపోతే? ఆ వార్డులో మల్లీ నీ పక్కన కూకోలేను నాను. ఒకసారి కూకున్నాను, సాలు."

ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. కోపమైతే దేవదానం ఎదురు చెప్పేవాడు.

"శనివారం దాకా టయిమియ్యి. బాసాకి దొరక్కపోతే తాళం నానే నీ సేతిలో ఎడతాను" అన్నాడు. ఆమె నీళ్ళ చెంబు తెచ్చి ముందు పెట్టింది.

అదే సాయంత్రం, కడిగిన బండితో, ఉతికిన చొక్కాతో షెడ్డుకి వెళ్ళాడు. బాషా ఈసారి బానెట్ ఎత్తలేదు. వెనక్కి వెళ్ళి, తొట్టిలోకి తొంగిచూసి, ఫినాయిలు వాసన పీల్చి, తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"బావా, ఒకటడుగుతాను. నా దగ్గరకొచ్చినప్పుడల్లా బండి కడిగే తెత్తావు. ఏల?"

"మరి కడక్కపోతే? సేపల కంపుతో మనిసి గుమ్మంలోకి ఎలాగొత్తాను?"

"అరే, జొరమొచ్చినోడు జొరం ఇంట్లో ఒగ్గేసి వత్తే డాట్రేటి సూత్తాడు? రేపు లోడుతో ఉన్నది ఉన్నట్టు తే."

దేవదానం తల అడ్డంగా ఊపాడు. "పక్కనే మీరు నమాజు సేసుకుంటారు. నాను తేలేను బావా."

"మా ఇళ్ళల్లో సేపలు తినమనుకున్నావేటి?" అని బాషా నవ్వాడు. నవ్వుతూ ఎదుటి మనిషి ముఖం చూసి ఆపేశాడు. ఏదో ఉందని అర్థమైంది, ఏమిటని అడగలేదు. "సరే. నువ్వు తేకపోతే నానే వత్తాను. రేపు పొద్దున్న బీమిలిలో ఎక్కుతాను" అన్నాడు.

అన్నట్టే గురువారం పొద్దున్న ఏడింటికి భీమిలిలో బస్సు దిగి, సంచీలో నాలుగు పనిముట్లు వేసుకుని వచ్చాడు. పెట్టెలు ఎక్కాయి, పైన ఐసు పోశారు. దేవదానం సీట్లో కూర్చుని, తువ్వాలు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. దాచాలా, కట్టాలా? ఒక్క నిమిషం చూసి, బాషా చూస్తుండగానే కాలు కట్టుకున్నాడు.

"ఇదేటి బావా?"

"ఉండనీ. ఇయ్యాల నా కాలో, బండో తేలిపోవాల."

బాషా కిటికీ వైపు ముఖం తిప్పుకుని సముద్రం చూశాడు.

మంగమారిపేట దాటారు. బండి పూల రథంలా పోతోంది. దేవదానానికి చెమటలు పట్టాయి. రెండు నెలలుగా ఆగొద్దు తల్లీ అని బతిమాలిన మనిషి, ఇవాళ ఆగు తల్లీ, ఒక్కసారి ఆగు అని లోపల మొక్కుకుంటున్నాడు. ఎక్కడా ఆగలేదు. పల్లం వచ్చింది. ముందు ఆవులు అడ్డంపడితే బ్రేకు గట్టిగా తొక్కాడు, వెనక పెట్టెల కింద నీళ్ళు జల్లున ముందుకి వచ్చి క్యాబిన్‌కి కొట్టుకున్నాయి. తర్వాత రుషికొండ ఎత్తు మొదలైంది. సగం ఎక్కేసరికి పసుపు దీపం కొట్టుకుంది.

"వొచ్చినాది! వొచ్చినాది బావా!" అని దేవదానం పెళ్ళికొడుకు కారు వచ్చినంత సంబరంగా అరిచాడు.

బాషా ముందు కిందికి వంగి అతని ఎడమ పాదం చూశాడు. అది తువ్వాలు కట్టులో, బ్రేకుకి జానెడు దూరంలో ఉంది. చేత్తో తట్టి చూసి, "నీ కాలు కాదు బావా" అన్నాడు.

ఆ నాలుగు మాటలకి దేవదానం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి తుడుచుకోనివ్వలేదు బాషా. "ఇంజను ఆపకు. కీ ముట్టుకోకు" అంటూ దూకి, చక్రాల వెనక రాళ్ళు పెట్టి, అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరాడు. దేవదానం రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, బ్రేకు మీద బరువంతా వేసి కూర్చున్నాడు. కింద నుంచి టకటకమని రెండు దెబ్బలు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు.

"బావా, పైనుంచి ఏటో కారతన్నాది. నా నోట్లో పడ్డాది. ఉప్పగా ఉన్నాది."

"ఐసు నీల్లు."

"అవి సరిగ్గా సెన్సారు ప్లగ్గు మీద పడతన్నాయి." కొంచెం ఆగి అడిగాడు. "ఇక్కడ కన్నాలెవలెట్టినారు?"

వెనక ఎవరో హారను కొట్టారు. "నానే" అన్నాడు దేవదానం. ఇంజను చప్పుడులో ఆ మాట బాషాకి వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

బాషా ఇంజను ఆపించి, ప్లగ్గు ఊడదీసి, నోటితో ఊది, లుంగీ అంచుతో తుడిచి, చేపల పెట్టె మీది పాలిథిన్ కవరు చింపి చుట్టాడు. బండి లేచింది. ఎత్తు దాటాక చదునులో మళ్ళీ ఆపించి, కవరు విప్పి, పెట్టెల కింది నీళ్ళు ఓ మగ్గుడు తీసి ప్లగ్గు మీద పోసి, నెమ్మదిగా ముందుకి పోనిమ్మన్నాడు. వంద గజాలు పోగానే దీపం వెలిగింది. ఇంక అనుమానం లేదు. పల్లంలో నీళ్ళు ముందుకొచ్చి కన్నాల్లోంచి కారుతాయి, బండి ఆగుతుంది. ఎత్తు మీద ఆపి కూర్చుంటే నీళ్ళు వెనక్కి పోతాయి, బండి నడుస్తుంది. ఇంటికి పోయి, వెనక తలుపు దించి, శుభ్రంగా కడిగి ఆరబెట్టుకుని మెకానిక్కు దగ్గరకి పోతే, అక్కడ చూడ్డానికి ఏమీ మిగలదు.

"సెన్సారు మార్సినప్పుడు ప్లగ్గులో పచ్చగా పట్టింది నానూ సూసినాను. సముద్రం గాలనుకుని తుడిసేసినాను. తలెత్తి పైకి సూసుంటే ఆ రోజే అయిపోయేది. తప్పు నాదీ ఉన్నాది బావా" అన్నాడు బాషా.

ఓదార్పు మాటే. దేవదానం మనసుకి ఎక్కలేదు. కాలు పోయినా చెయ్యి మిగిలిందని ఆరేళ్ళుగా నమ్ముకున్నాడు. ఆ చెయ్యే, బొటనవేలితో తడిమి మురిసిపోయిన ఆ రెండు కన్నాలే, తనని రెండు నెలలు ఆ ఎత్తు మీద కట్టిపడేశాయి. ఏ పాపమూ ఎరగని కాలిని తీసుకెళ్ళి దొంగని కట్టినట్టు కట్టేశాడు. కిందికి చూసి, ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. బాషా వంగి విప్పాడు.

వైరు తెగిందని ఇంట్లో చెప్పేస్తే సరిపోతుంది. బాషా కాదనడు. దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చి, తీరా గుమ్మంలో నిలబడ్డాక ఉన్నదంతా చెప్పేశాడు, తువ్వాలు సంగతితో సహా. ఆరోగ్యమ్మ బియ్యం కడుగుతోంది.

"అయితే కాలు కాదా?"

"కాదు."

"మరి సెయ్యా?"

"సెయ్యే" అన్నాడు.

ఆమె తువ్వాలు వైపు చూసింది. అది అతని భుజాన, మధ్యలో ముడి పడినచోట నలిగి వేలాడుతోంది. చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే దేవదానాన్ని ఎక్కువ భయపెట్టింది.

శుక్రవారం బాషా గట్టిగా చెప్పాడు, నీళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూడాలి, కడిగి తెస్తే ముట్టుకోను అని. కంచరపాలెంలో సరుకు దించేసి, దేవదానం ఆ బండిని అలాగే సందులోకి మళ్ళించాడు. తొట్టిలో పొలుసులు, నెత్తుటి నీళ్ళు, అరటిపండంత ఐసు ముక్కలు. కంపు బండికన్నా ముందు నడిచింది. అరుగుల మీద మనుషులు తలెత్తి చూశారు. దేవదానం చెవులు వేడెక్కాయి, కిటికీ అద్దం ఎత్తేసి అందులోనే ఉండిపోయాడు. ఎదురింటి ముసలాయన టోపీ సర్దుకుంటూ నేరుగా బండి దగ్గరకే వచ్చి అద్దం మీద తట్టాడు. ఇంక తిట్లే అనుకుని దేవదానం అద్దం దించాడు.

"సేపలేటైనా మిగిల్నాయేటి బాబూ?" అని అడిగాడు ఆయన.

మిగల్లేదని చెప్పాడు దేవదానం. రేపు రెండు కవ్వ చేపలు పక్కన పెట్టమని చెప్పి ముసలాయన వెళ్ళిపోయాడు. అంతే. ఆరేళ్ళుగా ఎవరి ముక్కు గురించైతే భయపడ్డాడో, ఆ ముక్కుకి చేపల కూర గుర్తొచ్చింది.

బాషా నీళ్ళ దారి చూసుకుని, కొత్త ప్లగ్గు వేసి, దాని మీద రబ్బరు తొడుగు తొడిగి, బ్యాటరీ వైర్లు రెండూ ఊడదీశాడు. తర్వాత వెల్డింగు హోల్డరూ, ముఖానికి పెట్టుకునే అద్దమూ తెచ్చి తొట్టి అంచు మీద పెట్టాడు.

"నువ్వెట్టిన కన్నాలు నువ్వే మూసుకో. నాను జుమ్మా నమాజుకి పోతన్నాను."

దేవదానం తొట్టిలో కాలు బారజాపి కూర్చుని రెండు కన్నాలూ మూశాడు. మొదటిది గరుకుగా వచ్చింది. రెండోది వేలికి తగల్లేదు. కానీ మూస్తే చాలదు, నీళ్ళు పోవడానికి వేరే దారి కావాలి. ఎడమ మూలని సుత్తితో కొట్టి కాస్త పల్లం చేసి, సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. గుర్తు మీద ఆనించాడు. మళ్ళీ తీసేశాడు. కింద ఏముందో తెలియదు. వంగి చూడాలంటే ఆ కాలు వంగనివ్వదు. క్రితంసారి చూడకుండానే పెట్టాడు. చూడమని ఎవరినీ అడగలేదు కూడా, అడిగితే కాలు సంగతి ఒప్పుకున్నట్టవుతుందని. డ్రిల్లు ఒళ్ళో పెట్టుకుని, బాషా వచ్చేదాకా ఆగుదామని కూర్చున్నాడు.

"ఏటలాగ కూకున్నావు?"

ఆరోగ్యమ్మ. చేతిలో అన్నం క్యారేజీ ఉంది. డ్యూటీ చీరతోనే వచ్చింది.

దేవదానం సుద్ద గుర్తు చూపించాడు. "ఇక్కడ ఎట్టాల. కింద వైరుందో గొట్టముందో నాకు కనపడదు." డ్రిల్లు పక్కన పెట్టాడు. "ఎవరైనా సూసి సెప్పాల" అన్నాడు.

ఆమె గుర్తుకేసి చూసింది, జాపిన కాలికేసి చూసింది. క్యారేజీ స్టూలు మీద పెట్టి, కొంగు నడుముకి దోపి, బాషా అట్టముక్క కాలితో సర్దుకుని, చేపల నీళ్ళు ఇంకా బొట్టుబొట్టుగా కారుతున్న ఆ బండి కిందికి వెల్లకిలా దూరింది.

"ఒలే, ఒల్లంతా కంపైపోద్ది!"

"నీ కాలి కట్లు మార్సినదాన్ని. నాకు సెప్తన్నావేటి కంపు గురించి" అంది కింద నుంచి. తర్వాత సరిగ్గా అతను కూర్చున్నచోట, రేకు మీద వేళ్ళతో తట్టిన చప్పుడు. "ఇక్కడేనా?"

"ఇంకా ఎడం పక్కకి."

చప్పుడు పక్కకి జరిగింది. సుద్ద గుర్తు కింద ఆగింది. దేవదానం అరచెయ్యి దాని మీద పెట్టాడు, రేకు అవతల ఆమె తట్టడం చేతికి తెలిసింది.

"వైరు నేదు. గొట్టం నేదు. నేలే కనపడతన్నాది."

"సరిగ్గా సూడు ఆరోగ్యం."

"సరిగ్గానే సూసినాను. ఎట్టు."

"ఆదివారం మీ తమ్ముడు..."

"రావొద్దని పొద్దున్నే సెప్పినాను" అంది. "ముందు కన్నం ఎట్టు. అన్నం సల్లారిపోతన్నాది."

"నువ్వు ఇవతలకి రా, ఇనప రజను కల్లల్లో పడద్ది."

ముందు ఆమె పాదాలు, తర్వాత మనిషి బయటికి వచ్చింది. చెంప మీద నల్లటి నీటి చార. దేవదానం ఆమె పూర్తిగా లేచి నిలబడేదాకా చూసి, డ్రిల్లు గుర్తు మీద ఆనించి నొక్కాడు.